ఉప్పుమనిషి లెక్కలు

గోవర్ధనం గారూ,
మొదట అతన్ని చంపడం మానండి.
పదకొండుసార్లు చంపారు ఉప్పుమనిషిని.
మొదటిసారి నేను అన్నం మానేశాను,
నాలుగోసారి పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను,
మొన్నటి చావుకి
పక్కింటి కుక్కకి జ్వరమొచ్చినంత బాధ కూడా కలగలేదు.
చావంటే అమ్మకం అనుకుంటున్నారు మీరు.
అది అప్పు సార్. వడ్డీ మేం కడుతున్నాం.

నేను అంబత్తూరు ఎస్టేటులో స్టోర్సు గుమాస్తాని.
నట్లూ బోల్టులూ లెక్కపెట్టేవాడికి
కథల వ్యాపారం ఏం తెలుసని నవ్వొచ్చు మీరు.
నాకు తెలిసింది ఒకటే:
కదలని సరుకు అరని తినేస్తుంది.
నెలకి తొమ్మిది పుస్తకాలు వేస్తున్నారు.
ఉప్పుమనిషి, ఉప్పుమనిషి తమ్ముడు,
ఉప్పుమనిషి చిన్నప్పుడు,
ఉప్పుమనిషి ఉప్పు కాకపోయుంటే!
నాలుగు చాలు. మూడైనా మంచిదే.
మిగిలిన కాగితం డబ్బుతో
కన్నియప్పన్ గారిని వెనక్కి పిలవండి.
ఆయన గీసిన ఎన్నూరు ఉప్పుమళ్లలో
ఎండ కాగితం దాటొచ్చి నా వేళ్లకి తగిలేది.
ఇప్పుడాయన కొళత్తూరులో
రంగుచేపల దుకాణాలకి బోర్డులు రాస్తున్నాడు.
చూసొచ్చాను. ఆ బోర్డు మీద బంగారుచేప
ఎగరబోతున్నట్టే ఉంది,
ఒక రెక్క పిడికిలిలా ముందుకి చాచి.

పుస్తకం చిన్నది చెయ్యండి.
చొక్కా జేబులో పట్టాలి,
గుమ్మిడిపూండి లోకల్లో ఒంటిచేత్తో పేజీ తిప్పగలగాలి.
రెండో చెయ్యి ఎప్పుడూ కడ్డీది.
గట్టి అట్ట వేసి మూడొందలంటున్నారు.
గాజుబీరువాలో పెట్టుకునేవాళ్లకి అమ్ముకోండి, కాదనను.
వాళ్లు పైకవరు కూడా చింపరు సార్.
చదవనివాళ్లకే అమ్ముకుని
ఏ కథా ఎక్కువకాలం బతకదు.

ఇంకోటి.
ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, బడిలో అరవం రాసేవాళ్లం.
నాకు అక్షరాలొచ్చింది మీ మాటల బుడగల్లోంచే.
'ఢమాల్' చదివాకే ఢ తెలిసింది,
'ఛెళ్లు'మని కొరడా తెగినచోట ఛ దొరికింది.
సోమిదేవమ్మ గారు చేత్తో రాసేవారు కదా,
కోపమొస్తే దీర్ఘాలు వణికేవి.
ఇప్పుడన్నీ కంప్యూటరు అక్షరాలు,
విలనూ వాళ్లమ్మా ఒకే గొంతుతో మాట్లాడతారు.
పెరంబూరులో, విల్లివాక్కంలో
మాలాంటి ఇళ్లు ఎన్నున్నాయో మీరెప్పుడైనా లెక్కవేశారా?
హైదరాబాదుకి లారీ పంపుతారు,
మీ వీధి చివరికి సైకిలు పంపరు.

వేళచేరి గోడౌను సంగతి ఎత్తకూడదనుకున్నాను.
ఆ డిసెంబరు వరదలో
పాత సంచికలన్నీ గుజ్జయిపోయాయని విన్నరోజు
నాకొచ్చిన మొదటి ఆలోచన, క్షమించాలి,
ఇంతకన్నా మంచి కథ మీరు వెయ్యలేదని.
నీళ్లు తగిలితే కరిగిపోయేవాణ్ణి
చెరువు పూడ్చినచోట దాచారు.
నా దగ్గర నూటపన్నెండు సంచికలున్నాయి, రేకుపెట్టెలో.
స్కాను చేసుకోండి. డబ్బొద్దు.
ఎనభై ఏడో నంబరు మాత్రం జాగ్రత్త.
చివరి పేజీ చినిగిపోతే మా చెల్లి పరిమళ
తనే ఒకటి గీసి మెతుకులతో అతికించింది.
అందులో అతను వానలోకి నడుస్తాడు, గొడుగుతో.
ఇన్నేళ్లలో మీ ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, గొడుగు.

ఇన్ని చెప్పి ఒకటి దాస్తే లెక్క తప్పుతుంది.
పోయిన నెల సంచిక నేను కొనలేదు.
సెంట్రల్ స్టేషన్లో దుకాణం ముందు నిలబడి
ముప్పైరెండు పేజీలూ చదివేసి
మళ్లీ తీగకి తగిలించాను.
దుకాణం మొదలియారు పుస్తకాన్ని చూశాడు, నన్ను చూశాడు,
ఏమీ అనలేదు.
కదలని సరుకు నేనేనేమో.

ఈ కవర్లో అరవై రూపాయలు పెట్టాను.
పుస్తకం పోస్టులో పంపకండి,
ఐప్పసి వానలు మొదలయ్యాయి.
ఆదివారం నేనే వస్తాను, గొడుగుతో.

ఇట్లు,
వజ్రవేలు