అరవై ఏడు

పర్లాకిమిడి పాత బస్టాండు వెనక
ఎరువుల కొట్టు మీద మేడగది.
గోడలకి గుడ్ల అట్టలు, వాటి మీద పాత దుప్పట్లు.
ఎండాకాలం యూరియా వాసన
మైకులోకి కూడా ఎక్కేస్తోందని లింగరాజు అనేవాడు.
ఇప్పుడు నాతో ఏమీ అనడు.

రేపు పొద్దున్న మొదటి బస్సుకి
సెరంగో సంఘం వాళ్లకి ఆరు సవర పాటలు పంపాలి.
ఐదయ్యాయి.
ఆరోదానికి ఎస్తేరు రయితో గొంతు సవరించుకుంటోంది.
వాళ్లబ్బాయి కీబోర్డు మీద
ఒక్క వేలు పెట్టి తీశాడు.

పా.

వేలు తీసేసినా పా ఆగలేదు.
పా మీద పా, దాని నెత్తిన ఇంకో పా,
రేకుల మీద వడగళ్లలా మొదలై
ఒకే గోడలా నిలబడిపోయింది.
కంప్యూటర్ ఫ్యాను ఈల వేసింది. తెర బిగుసుకుంది.
పిల్లాడు చెయ్యి వెనక్కి దాచుకుని
సవరలో ఏదో అన్నాడు.
"ఒక్కసారే నొక్కేనంటన్నాడు బావూ" అంది తల్లి.

ఇలాంటప్పటికే పానిక్ అని ఒక బటన్ ఉంది.
నొక్కితే అన్ని స్వరాలూ నోరు మూసుకుంటాయి.
మూసుకున్నాయి. మళ్లీ మెట్టు తాకితే
మళ్లీ అదే గోడ.

ముందు తీగని తిట్టాను, మార్చాను.
తర్వాత కరెంటుని. తర్వాత, సిగ్గు లేకుండా, పిల్లాణ్ని.
ఆఖరికి కీబోర్డే పీకేశాను.
అయినా పచ్చదీపం కొట్టుకుంటూనే ఉంది,
తాళం వేసిన కొట్లో ఫోను మోగినట్టు.

మిడి తీగలో పాట ఉండదు.
అరవై ఏడో నంబరు నొక్కారు, ఇంత గట్టిగా నొక్కారు,
వదిలేశారు. ఇంతే.
ఉత్త కబురు.
మొదటి ప్రోగ్రామ్ ఆ కబురు విని రెండోదానికి చెబుతుంది.
రెండోది వయొలిన్లు మోగించి ఊరుకోవాలి.
ఊరుకోదు, త్రూ వేసి ఉంది గదా,
విన్నది విన్నట్టు వెనక్కి పంపుతుంది.
మొదటిదేమో ఎవరు చెప్పినా వింటుంది.
తన మాటే తిరిగొస్తే
కొత్త మాటనుకుని మళ్లీ మొదలెడుతుంది.

ఇక్కడ కాసేపు నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

బరంపురం పెళ్లి బాకీ గురించి
టీకొట్టు దండాసితో నేనన్నది ఒక్క ముక్క:
"లెక్క చూసుకోవాలి."
దండాసి దాన్ని ఒడియాలో పోసి లింగరాజుకిచ్చాడు.
"హిసాబా? చూపిస్తా" అన్నాడట వాడు.
"చూపిస్తాడంట నీకు" అని వచ్చింది నాకు.
నేనేదో అన్నాను, వాడింకేదో.
మూడు వారాలు.
దండాసి అబద్ధం ఒక్కటీ చెప్పలేదు,
టీ కూడా ఎప్పట్లాగే పోశాడు.
నేనూ ఒక్కసారే నొక్కాను.

ట్రాక్ చెవి దగ్గర 'అన్నీ' అని ఉంది.
తీసేసి 'కీబోర్డు' అని పెట్టాను.
వయొలిన్ల వైపు త్రూ ఆపాను.
ఆ అమరిక లింగరాజు పేరు మీదే దాచి ఉంది,
పేరు మార్చలేదు.

"నొక్కరా" అన్నాను పిల్లాడితో. వాడు నొక్కడు.
తల్లే వేలు పెట్టింది.
పా.
మోగింది, సన్నబడింది, అయిపోయింది.
కింద కొట్టు షట్టర్ని కుక్క గీరుతున్న చప్పుడు వినిపించింది.

పాట పూర్తయ్యేసరికి రెండుంబావు.
ఆ వేళప్పుడు ఎవరైనా ఫోను చేస్తారా? చేశాను.
"ఆరో పాటలో వయొలిన్లు నీవే. త్రూ తీసేశాను."
అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, చాలాసేపు.
"ఏ ఛానెల్?" అన్నాడు.
"మూడు."
"హఁ."
బాకీ మాట వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఫోను పెట్టి చూస్తే
పిల్లాడు స్పీకరు పెట్టె మీద తలవాల్చి నిద్రపోయాడు,
ఆ వేలు ఇంకా పిడికిట్లోనే దాచుకుని.