మూడు నిమిషాలు

గుడ్డ విప్పమన్నాను.
బెనిటా నావైపు చూడలేదు, అత్తగారి వైపు చూసింది.
ఎల్ ఆల్టోలో జూలై నెల. కిటికీ అద్దానికి లోపలివైపు మంచు.
ఇక్కడ పిల్లల్ని మెడ నుంచి మడమల దాకా బిగించి చుడతారు,
కాళ్లు తిన్నగా రావాలని, ప్రాణం బెదిరి పారిపోకూడదని.
నన్నూ అలాగే చుట్టారు.
అందుకే అడగడం నాకూ కష్టమే.

"హీటర్లు రెండు పెట్టాను. మూడే నిమిషాలు."

ఒక చుట్టు, రెండో చుట్టు, ఎర్రంచు పట్టీ.
లామా ఉన్ని టోపీ మాత్రం ముట్టుకోనివ్వలేదు ముసలామె.
చివరికి బయటపడింది వారా,
ఇరవయ్యేడో వారానికే తొందరపడిన పిల్ల.
వయసెంత అంటే రెండు జవాబులు:
పుట్టిన లెక్కన ఆరు నెలలు,
పుట్టవలసిన లెక్కన మూడు.
నేను రెండోదే రాసుకుంటాను.
"మరి ఆ మూడు నెలలు మేం కూర్చుని కాపలా కాయలేదా?"
అత్తగారి ప్రశ్నకు నా ఫారంలో గడి లేదు.

కెమెరా వెలిగించి పక్కకు తప్పుకున్నాను.
గిలక్కాయ వద్దు, పలకరింపు వద్దు,
తనంతట తాను ఏం చేస్తుందో అదే కావాలి.

నేను వెతికేది చాలా చిన్నది.
మణికట్టు దగ్గర సన్నటి సుడి,
మెడలో, తుంటిలో, చీలమండలో
పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున కదిలే
వణుకు లాంటిది.
ఉంటే ఒళ్లంతా ఉంటుంది.
లేకపోతే ఆ లేకపోవడం
తల్లి కంటికి కూడా ఆనదు.

వారా కాళ్లు రెండూ ఒక్కసారే లేపింది,
ఒక్కసారే దబ్బున వదిలేసింది.
"ఎంత బలమో చూడు!" ముసలామె మురిసిపోయింది.
బొటనవేలు పిడికిట్లోనే ఉండిపోయింది.

రాత్రి వీడియో మళ్లీ చూశాను, శబ్దం తీసేసి.
వెనక్కి. మళ్లీ వెనక్కి.
ఎనభయ్యో సెకనులో ఎడమ మణికట్టు...
కాదు, దుప్పటి నీడ.

పొద్దున ఏం చెప్పను?
జబ్బు పేరు ఇంకా పుట్టలేదు.
అదైనా నెలలు నిండాకే పుట్టాలి.
ఈలోగా చేతులు ఆగనక్కర్లేదు,
మొక్క వంగే రోజులు ఇవే,
ఇవి మళ్లీ రావు, అని చెప్పాలి,
అందులో 'కానీ' అనే మాట ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఏడింటికే వచ్చింది బెనిటా, ఒంటరిగా, కేబుల్ కారులో.
నేను నోరు తెరవకముందే
పిల్లను చాప మీద పడుకోబెట్టి
తనే విప్పడం మొదలుపెట్టింది.
ఎర్రంచు పట్టీ కొస నా చేతికిచ్చి
పట్టుకోమంది.