బాతుగుడ్డు సొన రంగు మనిషి

ఎనిమిది రోజులు కొండ కడుపులో ఉండి
తొమ్మిదో నాడు ఇంటికొస్తాడు నఖ్త్‌మిన్.
గడపలో నిలబడి కళ్లు చికిలించుకుంటాడు,
పగలంటే పరాయి ఊరు అతనికి.
ఎలుకపిల్ల పొట్టలా పాలిపోయి ఉంటాడు,
గోళ్ల కింద మాత్రం ఎర్రమన్ను.

ఇక నేనా,
నేసిన నారగుడ్డ గాడిద మీద వేసుకుని
ఏటి రేవు దాకా నడిచి అమ్మి,
ఉల్లిపాయలూ ఎండుచేపలూ మోసుకొచ్చి,
డాబా మీద ధాన్యం చెరిగి చెరిగి
మాడిన రొట్టె అడుగులా తయారయ్యాను.

గోడ మీద లెక్క వేరు.
మగవాడు ఎరుపు, ఆడది పసుపు.
ఎందుకయ్యా అంటే
"మగవాడు ఎండన పడి తిరుగుతాడు,
ఆడది నీడపట్టున ఉంటుంది,
మా తాత చెప్పాడు, ఆయనకి వాళ్ల తాత"
అంటాడు, చీకట్లో బతికే నా మొగుడు.
బీరు వడగట్టే గుడ్డ చేజారేంత నవ్వాను.
పక్కింటి తెంతోపె గోడ మీంచి తొంగిచూసింది.

అక్కడ పొద్దంటే వత్తులే.
పొద్దుటికి ఇన్ని, అన్నాలయ్యాక ఇన్ని అని
లేఖకుడు పబాకి లెక్కపెట్టి ఇస్తాడట.
పొగ కమ్మకుండా నూనెలో ఉప్పు.
ఆ పిసరు వెలుగులో రాజుగారి కోసం
ఎన్నటికీ పాచిపోని రొట్టెలు గీస్తాడు,
మెడలు వాల్చిన బాతులు, అంజూరపు బుట్టలు.
పామక్షరం వస్తే రెండు ముక్కలుగా గీస్తాడు.
గీసిందల్లా ప్రాణం పోసుకుంటుంది కదా,
రాజుగారి పాదం కాటేస్తేనో!

"అంత నిజమైతే
రావలసిన గోధుమలు పద్దెనిమిది రోజులై రాలేదు,
మన గాదె మీద ఓ బస్తా గీయరాదూ" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.
ఆ రాత్రి అతను తినలేదు,
తినడానికి పెద్దగా ఉన్నదీ లేదు.

ఊరి పైన వాలులో మాకూ ఓ గది ఉంది.
సెలవుల్లో తవ్వుకున్నది, వంగి దూరాలి.
మిగిలిన రంగులతో వేస్తున్నాడు
(మిగిలాయో, మిగిల్చాడో, నేనడగను).
నిన్న తీసుకెళ్లి చూపించాడు.
సన్నని నడుము, భుజాల మీద నల్లని జడలు,
తామరమొగ్గ వాసన చూస్తూ
బాతుగుడ్డు సొన రంగులో ఒకావిడ.

"ఎవరీవిడ?"
"నువ్వే హెమ్‌షెరీ, పేరు రాశానుగా."
నాకు చదువు రాదు, నా పేరులోని గుడ్లగూబని మాత్రం ఆనవాలు పడతాను.
ఉంది. గుడ్లగూబ నాదే.
మరి పళ్లు?
పిండిలో ఇసుక నమిలి నమిలి
కుడివైపువి నాలుగూ అరిగి మొద్దుబారాయి.
పోయాక నోరు తెరిపించే తంతు చేస్తారే,
ఏ నోరు తెరిపిస్తారు, ఆవిడదా నాదా?

అదైనా సర్దుకుంటాను.
మా చంటిది నాకన్నా ముందే వెళ్లి అక్కడుంది.
నా మెడ మీది పొయ్యి కాలిన మచ్చ
వేళ్లతో తడుముకుంటే గానీ నిద్రపోయేది కాదు.
ఈ నున్నటి పసుపు మెడ చూసి
ఎవరో గొప్పింటి అమ్మగారనుకుని
పక్కకి తప్పుకుని దారివ్వదూ?

దీపం మార్చుకున్నాడు ఈ చేతి నుంచి ఆ చేతికి.
"దేవుళ్లు గుర్తుపట్టాలిగా" అన్నాడు చివరికి,
తనకే సరిగ్గా వినపడనట్టు.

ఈ పొద్దున లేచేసరికి లేడు.
పిండి దంచే రోటి పక్కన సున్నపురాయి పెంకు ఒకటి,
ఇంకా తడి ఆరలేదు.
ఇటుక ఎరుపులో ఒక ఆడమనిషి, నోరంతా తెరిచి నవ్వుతోంది,
పళ్లు సరిగ్గా నాలుగు తక్కువ.
పక్కన పసుప్పచ్చని మగవాడు, కళ్లు చికిలించుకుని.
ఆమె మెడ దగ్గర ఒక బుల్లి చెయ్యి.
చెయ్యే. మనిషిని వేయలేకపోయాడు.

పనికి ఆలస్యమైనందుకు
పబాకి పద్దులో "తేలు కుట్టింది" అని రాయించాడట.
తెంతోపె వచ్చి చెప్పింది, ఏ కాలికి అని అడిగింది.
రెండు కాళ్లకీ అన్నాను.

తర్వాత లోపలికి పిలిచి మాట తీసుకున్నాను.
నన్ను చుట్టేటప్పుడు ఆ పెంకుని
మెడ దగ్గరి నారపొరల్లో దోపమని.
గోడ మీది ఆవిడ తామర వాసన చూస్తూ
వచ్చే పోయే దేవుళ్లకి లేచి దణ్ణాలు పెడుతుంది.
ఆ పనికి ఆవిడ చాలు.