తొమ్మిదికీ పదికీ నడుమ

గేరు మార్చే మీట నాదే. పన్నెండేళ్ల కిందటిది,
బొటనవేలు ఆనేచోట అంకెలు అరిగిపోయాయి.
డిరైలర్ మాత్రం బోయిన్‌పల్లి పిల్లాడిది,
ఫ్రేము విరిగాక సైకిలు మీద మనసూ విరిగి
ముక్కలు ముక్కలుగా అమ్మేసుకున్నాడు.
పద్దెనిమిది వందలకి బేరం తెగింది.
పళ్ళచక్రాల గుత్తి ఒక్కటే కొత్తది.
అట్టపెట్టె మూత తీస్తే
స్టీలు సామాన్ల కొట్టు షట్టరు లేపినట్టు మెరిసింది.
గొలుసు ఎవరిదో అడగొద్దు.

మెట్టుగూడలో, వంతెన నీడ పడే వైపు, జకరయ్య దుకాణం.
"కలగూరగంప తెచ్చినవ్ గదమ్మా" అన్నాడు
ఒక్కొక్కటీ పాత బనీను గుడ్డతో తుడుస్తూ.
"మీటేమో తొమ్మిదిది. ఎనకాల చెయ్యి పదిది.
కుండ ఒకలది, మూకుడు ఒకలది.
పొయ్యి మీదికి ఎక్కితె గాని తెల్వదు."

స్టాండుకి ఎక్కించి తీగ బిగించాడు.
నేను నొక్కాను.
టక్.
గొలుసు లేచి పక్క చక్రం అంచుదాకా పోయి
లోపలికి రావాలో వద్దో తేలని చుట్టంలా
గడపలోనే నిలబడి
కిరకిరమంది.
ఇంకోసారి టక్. ఇంకోసారి అదే గొణుగుడు.

కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి స్కేలు పెట్టి చూశాడు.
"ఒక్క నొక్కుకు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది.
జరగాల్సింది నాలుగు.
గా ఒక్కటి ఏడికెళ్లి తేను?"

నాకు నవ్వొచ్చింది.
రైల్వే ఆసుపత్రి ల్యాబులో నేను పొద్దంతా చేసేది అదే.
సన్నటి గాజు గొట్టంలో ఎవరిదో నెత్తురు
గంటకి ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగిందో చూసి
రాయడం.
ఒక గీత అటూ ఇటూ అయితే
కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి ముఖం మారిపోతుంది.

అరగంట చిన్న మర తిప్పుతూ కూర్చున్నాడు.
మూడోది కుదిరితే ఆరోది చెడింది.
ఆరోదాన్ని బుజ్జగిస్తే
మొదటిది అలకపాన్పు ఎక్కింది.
చాయ్ వచ్చింది. చల్లారింది. మీద మీగడ కట్టింది.
"మా నాయన లాలాగూడ వర్క్‌షాపుల ముప్పై మూడేండ్లు చేసిండు,
రైలు పట్టాలు తప్పొద్దని.
నేను సూడు, పట్టాలు తప్పించే పనిల వడ్డ.
దీని పేరే గది గద, డిరైలర్?"
వాళ్ల నాయన ఈ మాటకి నవ్వేవాడా అని అడిగాను.
"ఒక్కనాడు నవ్వలె."

తర్వాత బిస్కెట్ల డబ్బా బోర్లించాడు.
మరలు, బేరింగు గుండ్లు, ఒక హోమియోపతి సీసా,
వాటి అడుగున ఇనుప మీట ఒకటి,
వంకర, తుప్పు, టక్ అనే మాటే తెలియనిది.
"దీనికి లెక్క రాదు. ఎంత తోస్తె అంత.
చెవి పెట్టి ఇనుకుంట తొక్కాలె.
ఇంకోటి, దీని లాగుడు పదింటికి సాలదు.
సిట్టసివరి సిన్న చక్రం అందదు నీకు.
అది దిగుడుకు పనికొచ్చేది. దిగుడు దానంతల అదే అయితది.
ఎక్కుడుకు పెద్దది ఉంచిన."
"అంటే పది కొని తొమ్మిదే తొక్కాలా?"
"గంతే."
నాలుగు వందలు అడిగాడు. మూడొందల అరవై ఉన్నాయి.
"ఉండనియ్" అన్నాడు, గోడ మీద బొగ్గుతో రాసుకుంటూ.

ఆదివారం, మౌలాలి గుట్ట వెనక రాళ్ల బాట.
ఎండ ఇంకా బండల్లోకి దిగలేదు.
మొదటిసారి ఎక్కువ తోశాను, రెండు చక్రాలు దాటిపోయింది.
రెండోసారి తక్కువ. గొలుసు పళ్ళు కొరికింది.
కొంచెం వెనక్కి. కాదు. ఇంకో వెంట్రుక వాసి.
అప్పుడు ఆగిపోయింది, శబ్దం.
చెవి పెట్టి వెతికింది దీని కోసమా!
ఏమీ వినిపించకపోవడమే గేరు.
కాళ్ళ కింద కొండ ఒక్కసారిగా కొంచెం ఒంగింది.

పైన, గేర్లు లేని పాత సైకిలు నెట్టుకుంటూ ఒక పిల్లగాడు.
"ఎన్ని గేర్లు ఆంటీ?"
"తొమ్మిది."
వాడు వంగి, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కబెట్టాడు.
"పది ఉన్నయ్ గద. మరి ఇదెందుకు?"
నాకు ఊపిరి అందలేదు, జవాబు చెప్పలేదు.
వాడు పెడలు పట్టి వెనక్కి ఒకసారి గిర్రున తిప్పాడు.
తొమ్మిదికీ దుమ్ము, నూనె.
గొలుసు ముట్టని ఆ చివరిది
పెట్టెలోంచి తీసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే.