షిల్పిట్

మన చెవికి శిల్పిలాగే తగులుతుంది.
ఉలి లేదు, రాయి లేదు.
స్కాట్లాండ్ ఈశాన్యపు ఒడ్డున
సముద్రపు గాలి తలుపు సందులో ఈల వేసే ఊళ్ళో
ఈ మాటతో టీని తిడతారు.

మాటలు పోగుచేసే ఫెర్గస్
నోటుబుక్కు తెరిచి అడిగాడు
యూఫీమియా ముసలమ్మని: అర్థమేమిటని.
ఆవిడ చెప్పలేదు. కెటిల్ పెట్టింది.
ఆకు చిటికెడు, నీళ్ళు కుండెడు.
కప్పు అడుగున గులాబి బొమ్మ
రేకులతో సహా కనిపిస్తోంది.
"తాగు. అదీ."

రాసుకున్నాడు: పలచన. నీళ్ళనీళ్ళ.

"అప్పుడే మూసేశావా పుస్తకం?"
వెనక తలుపు తీసి చేను చూపించింది.
ఈ ఏడు వాన వదల్లేదు.
బార్లీ కంకి నిటారుగానే ఉంది
తల వంచేంత బరువు లేక.
నలిపితే అరచేతిలో ఊక.

రాసుకున్నాడు: తాలు.

"మనుషుల్ని కూడా అంటారా?"

మనలోనూ మనిషి పలచనవుతాడు,
కాని అది పరువు లెక్క,
నలుగురి నోళ్ళలో నానడం.
ఇక్కడ ఇది ఒంటి లెక్క.

ముసలమ్మ కప్పు చెవిని వేలితో రుద్దుతూ కూర్చుంది.
"నలభై ఏడు ఫిబ్రవరి. మంచు గుమ్మం మూసేసింది.
మంత్రసాని నా తమ్ముణ్ణి దీపం దగ్గరికెత్తి
ఆ మాటే అంది.
పేరు కంటే ముందు వాడికి దొరికింది అదే.
చేపల పెట్టెలో ఉన్ని పరిచి పొయ్యి పక్కన పెట్టాం.
చెంచాతో పాలు.
చిక్కటివి కడుపులో ఆగేవి కావు,
సగానికి సగం నీళ్ళు కలిపేది అమ్మ.
నీళ్ళపాలే నిలబెట్టాయి."

"తరువాత?"

"తరువాతేముంది, ముప్పై ఏళ్ళు పడవ నడిపాడు.
ఈ తలుపులోంచి పక్కకి తిరిగి వచ్చేవాడు.
అమ్మ మాత్రం పోయేదాకా
వాణ్ణి ఆ మాటతోనే భోజనానికి పిలిచింది.
అప్పుడు దానికి ఏ నీళ్ళూ తగల్లేదు."

ఫెర్గస్ అర్థాల వరసలో మరో అంకె వేశాడు.
ఎదురుగా ఏం రాయాలో తెలియలేదు.
చల్లారిన కప్పెత్తి
ముందునించీ కనిపిస్తున్న గులాబి దాకా తాగాడు.

"నువ్వూ అలాగే ఉన్నావు," అంది ముసలమ్మ,
అతని మణికట్టు వంక చూస్తూ.
"ఇంకో రొట్టె తీసుకో.
వెన్న దళసరిగా రాయి."