అత్తో

నెలకోసారి మద్రాసు వెళ్తాను, పుదుపేటకి.
చచ్చిన స్కూటర్ల గుండెకాయలు తూకానికి దొరికే వీధి అది.
కార్బ్యురేటర్లు, క్లచ్ ప్లేట్లు గోనెసంచిలో కుక్కి
రాత్రి బండికి కావలి చేరడమే
నాకు తెలిసిన దేశాటనం.

మొన్న బండి మూడు గంటలు ఆలస్యమన్నారు.
సంచిని సెంట్రల్ స్టేషన్లో అప్పజెప్పి
కాళ్ళు ఎటు పోతే అటు నడిచాను.
బర్మా బజారు వెనక సందులో ఒక తోపుడుబండి,
దాని నొసట తమిళంలో ఏదో రాసుంది.
నాకొచ్చిన తమిళం బస్సు బోర్డులదాకా.
కూడబలుక్కున్నాను: అ... త్తో.
పైకే అన్నట్టున్నాను.

"ఏటి మేనల్లుడా?"
అంది బండి వెనక నుంచి ఒక ముసలమ్మ.

అది తిండి పేరట. నేను పిలిచింది వరసట.
నవ్వుతూనే బేసిన్లో చెయ్యి పెట్టింది గున్నమ్మ.
కాషాయరంగు సేమ్యాల్లాంటివి ఒక గుప్పెడు,
పచ్చి క్యాబేజీ, చింతపండు పులుసు,
వెల్లుల్లి మాడీ మాడకుండా వేగిన నూనె,
నలిపితే పటపటలాడే శనగపిండి అట్టుముక్క.
చెంచా లేదు, కొలత లేదు.
పక్కన గిన్నెలో అరటిదూట చారు, మిరియం ఘాటుతో.
మొదటి ముద్దకి ఏమీ తెలియలేదు.
మూడో ముద్దకి
నా ముక్కులోంచి పెట్రోలు వాసన దిగిపోయింది.

ఆవిడ తెలుగు సిక్కోలుది.
సిక్కోలు ఆవిడ చూళ్ళేదు.
తాత కళింగపట్నంలో ఓడెక్కి రంగం పోతూ
మూట కట్టుకెళ్ళిన మాటలవి.
అరవై నాలుగులో, ఆవిడ ఏడేళ్ళప్పుడు,
ఇంకో ఓడలో ఈ రేవున దిగాయి.
మడత నలగలేదు.

చిల్లర వేసుకునే పెట్టె దగ్గర నా చూపు ఆగింది.
వెదురు అల్లి లక్క పూసింది.
ఎరుపు మీద నలుపు, నలుపు మీద
గోటితో గీసినంత సన్నటి పసుపు గీతలు.
ఇంజన్ నంబర్లు వెతికే కళ్ళతో దగ్గరికి వంగాను:
ఏనుగు, దాని తోక పట్టుకుని ఇంకో ఏనుగు,
అలా చుట్టూ తొమ్మిది.
పదోదాని చోట పెట్టె పగిలితే ఎమ్-సీల్ పెట్టి అతికారు.
అతుకు మీద బాల్ పెన్నుతో ఒక బొమ్మ.
పందిలా ఉంది.
"మా మనవరాలు ఏసింది," అంది,
తొమ్మిదింటికీ లేని గర్వంతో.

బీడీ తీసి అగ్గిపుల్ల గీయబోయాను.
నా మణికట్టు పట్టేసింది.
"ఇక్కడొద్దు బాబూ. ఆడు కాలినోడు."

అప్పుడు చూశాను. గొడుగు కర్రకి వేలాడుతూ
ఎర్రగుడ్డ తలపాగా చుట్టిన ఒక కొబ్బరికాయ.

"కమ్మరోడు. సమ్మెట ఏస్తే ఊరంతా అదిరేదట.
రాజుకి బయమేసింది.
ఆడి సెల్లిని పెళ్ళాడి, బావా రా అన్నాడు.
ఒచ్చినోణ్ణి సంపెంగ మానుకి కట్టి అగ్గెట్టినాడు.
సెల్లి కూడా దూకీసింది.
అందుకే రంగంలో ఇంటింటికీ ఓ కాయ.
కాలిన ఒంటికి సల్లన."

కాయ తీసి నా చెవి దగ్గర ఆడించింది.
లోపల నీళ్ళు కదిలాయి.
అవి కదిలినన్నాళ్ళూ ఉంటాడట.
ఇగిరిపోతే కొత్త కాయ.

నా మోచేతి కింద వెల్డింగు రవ్వల మచ్చలు
చుక్కలు చుక్కలుగా.
చూసింది. ఏమీ అనలేదు.
చారు ఇంకో గరిటె పోసింది.
డబ్బులిస్తే మొదటి ప్లేటుకే తీసుకుంది.
ఆవిడ తిన్నదో లేదో నేను అడగలేదు,
ఆ సంగతి గూడూరు దాటాక గుర్తొచ్చింది.

ఇప్పుడు మా షెడ్లో సిలిండరు పక్కన
ఒక కొబ్బరికాయ వేలాడుతోంది.
"ఏ దేవుడన్నా?" అన్నాడు మీరావలి, స్పానరు ఆపి.
"తెలీదురా. మన పనివాడే."

రాడ్డు అంటించే ముందు
నేను నల్లద్దాలు పెట్టుకుంటాను.
వాడి ఎర్రగుడ్డ కొంచెం కిందికి లాగుతాను,
మూడు కళ్ళూ మూసుకునేలా.