సున్నా నుంచి

బంగారుపాళ్యం మార్కెట్ యార్డు వెనక
ఎరువుల కొట్టు మిద్దెమీద నా గది.
కింద తోతాపురి కుప్పలు, సొన వాసన.
గదిలో, బెంగుళూరు పాతసామాన్ల సందులో కొన్న మిషను.
మూత పీకేసి టేబుల్ ఫ్యాను ఆనించినాను.

రైతుల తూకం చీటీలన్నీ చైన్లో ఉండాయి.
జూసు ఫ్యాక్టరీవాడు కాదు, వాని జేజబ్బ దిగొచ్చినా
ఒక కిలో కొట్టేసి రాయలేడు.
ఆ మాట చెప్పే నూట నలభైమందిని చేర్పించినా.
చెప్పనిది ఒకటుంది:
రాసింది చెరగదు సరే,
వెతుక్కోను సూచిక కావల్ల.

ఆ సూచికను ఇన్నాళ్ళూ ఎవరో అద్దెకిస్తా వచ్చినారు.
ఈ ఉగాదికి రేటు మూడింతలు.
‘మనమే పెట్టుకుందాంలే అన్నా’ అన్నాను దొరసామితో,
పులిహోర పొట్లం విప్పినంత సులభంగా.

నాలుగు కంటైనర్లు.
నోడు ఒకదాంట్లో, డేటాబేసు ఒకదాంట్లో,
చీటీలు చదివేది ఒకటి,
అడిగినోళ్ళకి జవాబు చెప్పేది ఒకటి.
కాయల క్రేట్లు పేర్చినట్టే పేర్చినా.
పదకొండు రోజులు నడిచింది,
సున్నా బ్లాకు నుంచి ఒక్కోటీ విప్పుకుంటా.

పన్నెండో పొద్దున, నిద్రమత్తులో,
ఆపి మళ్ళీ లేపుదామని
ఒక్క అక్షరం ఎక్కువ కొట్టినాను.
క్రేటుతోపాటు కాయలూ పోయినాయి.

సరిగ్గా అప్పుడే మెట్లెక్కొచ్చింది మొగిలి చెంగమ్మ.
‘జూన్ తొమ్మిదిన నా తూకమెంతబ్బా?
ఫ్యాక్టరీలో మూడొందల తొంభై అంటుండారు.’

యాడికీ పోలేదక్కా, ఉండాది,
కనపడేదానికి ఇంకో పదకొండు రోజులు.

ఆమె మిషన్ను చూసింది. నన్ను చూసింది.
‘చెరిపేవోడు లేడంటివి.
చదివి చెప్పేవోడు నువ్వొక్కడే అయితే
నీకూ వానికీ ఏం తేడా?’

సాయంత్రం మనవరాలిని పంపింది.
ఢిల్లీరాణి, డిగ్రీ రెండో సంవత్సరం.
డేటాను ఈసారి క్రేటు బయట, వేరే డిస్కులో పెట్టినాం.
లేపేది ఎట్ల, ఆపేది ఎట్ల నోటుబుక్కులో రాసుకుంది,
కొట్టకూడని అక్షరం మాత్రం ఎర్రసిరాతో.
మొగిలి పాలకేంద్రంలో ఇంకో మిషను పెడతాదంట,
ఆడికృత్తిక లోపల.

రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది.
యూపీఎస్సు కుయ్యి కుయ్యిమంటా ఉంది.
తెరమీద అంకె కదులుతానే ఉంది.

జూన్ తొమ్మిది ఇంకా చానా దూరం.
ఇప్పుడు విప్పింది పోయినేడాది ఏప్రిల్‌ది,
పనిచేస్తాదో లేదో చూద్దామని
నేనే రాసిన మొట్టమొదటి చీటీ:
చెప్పుల జత, ఆరొందల గ్రాములు.
చెరపను కుదరదు.